యోగా క్లాసులో నాలాంటి వాళ్ళకి చోటుందా?

సందేహాలపుట్ట
ఈమధ్యే యోగా క్లాసులో చేరాను. వయసు యాభై దాటింది, ఒళ్ళు భారీ, కుడి మోకాలు అరిగింది. చేరేటప్పుడే ఇవన్నీ చెప్పాను. "యోగా అందరికీనండీ, భయపడకండి" అన్నారు. తీరా చూస్తే క్లాసు మొత్తం నేల మీదే. మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం అనగానే నేను ఆగిపోతాను. పడుకుని కాళ్ళు తల వెనక్కి తెచ్చే హలాసనం అనగానే పైకప్పు చూస్తూ పడుకుంటాను. అడిగితే "మీరు చేయగలిగినంత చేయండి, లేదంటే ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అంటారు. అలా సగం క్లాసు ఊపిరి మీదే గడిచిపోతోంది.

ఎవరూ నవ్వరు, విసుక్కోరు, మర్యాదగానే ఉంటారు. కానీ నేనక్కడ ఉన్నా లేనట్టే. ఇది నా ఒంటి సమస్యా, క్లాసు సమస్యా? మానేయాలా? పద్ధతి మార్చమని అడగొచ్చా? అడిగితే ఏమని అడగాలి?

చాపచుట్ట
మీకు కనీసం ఊపిరన్నా ఇచ్చారు. నన్నైతే "ముందు కాస్త బరువు తగ్గి రండి, అప్పుడు మొదలుపెడదాం" అన్నారు. ఈత వచ్చాకే నీళ్ళలో దిగమన్నట్టు. నేను దిగలేదు, చాప చుట్టేశాను.

గోడకుర్చీ
క్లాసు సమస్యే. మారిపోండి.

పాతకాపు
అంత తేలిగ్గా తేల్చేయకండి. కుర్రతనం నుంచి సాధన చేస్తున్నవాడిగా చెప్తున్నాను. ఆసనానికి ఒక రూపం ఉంది, ఒక క్రమం ఉంది. ఒక్కొక్కరి కోసం దాన్ని మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది యోగా కాదు, కుర్చీలో కూర్చుని చేతులూపడం. పైగా గురువు జాగ్రత్తపడి ఆపితే అది చిన్నచూపు ఎలా అవుతుంది? మోకాలు అరిగినావిడ చేత వజ్రాసనం వేయించి రేపు ఏదైనా అయితే బాధ్యత ఎవరిది?

నిలువుటద్దం
కుర్చీలో కూర్చుని చేతులూపడం మా ఆఫీసులో రోజూ జరుగుతుంది. మీటింగ్ అంటాం.

ఆసనాలమ్మ
నేను యోగా నేర్పుతాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

పాతకాపు గారూ, ఆవిడ చేత వజ్రాసనం వేయించమని ఇక్కడ ఎవరూ అనలేదు. అది వేయలేనప్పుడు ఇంకేం చేయాలో చెప్పలేదన్నదే ఆవిడ బాధ. ఆసనానికి రూపం ఉన్నట్టే పని కూడా ఉంటుంది. కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం తీసుకోండి. తొడల వెనక కండరాలు, వీపు సాగడం దాని పని. కుర్చీ అంచున కూర్చుని ఒక కాలు ముందుకు చాపి, మడమ నేలకి ఆనించి, నడుము గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గర నుంచి ముందుకు వంగినా ఆ పని జరుగుతుంది. పొట్ట అడ్డొస్తే కాళ్ళు ఎడంగా పెట్టుకోవాలి, అంతే. ఈ చిన్న మాట చాలామంది టీచర్లు చెప్పరు, ఎందుకంటే వాళ్ళకి పొట్ట అడ్డురాదు కదా.

చేతులు, పాదాలు నేలకి ఆనించి తుంటి పైకెత్తే అధోముఖ శ్వానాసనం నేల మీద కష్టమైతే అరచేతులు గోడకి ఆనించి వెనక్కి నడిచి నడుము వంచండి. ఒక మోకాలు ముందుకి వంచి నిలబడే వీరభద్రాసనం కుర్చీ మీద పక్కకి తిరిగి కూర్చుని చేయొచ్చు, బరువంతా కుర్చీ మోస్తుంది, మోకాలికి భారం ఉండదు. ఇక సుఖాసనంలో, అంటే బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు, మోకాళ్ళు తుంటి కంటే పైకి లేచిపోయే వాళ్ళు మందంగా మడిచిన దుప్పటి మీద కూర్చుంటే నడుము దానంతటదే నిటారుగా నిలబడుతుంది.

ఇవి నిన్నా మొన్నా పుట్టినవి కావు. పేరున్న యోగా గురువు బీకేఎస్ అయ్యంగార్ చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయతోనే గడిచింది. బలహీనమైన ఒంటితో మొదలుపెట్టిన మనిషి కాబట్టే ఆయనకి కుర్చీ, బెల్టు, చెక్క దిమ్మ, గోడకి కట్టిన తాడు గుర్తొచ్చాయేమో అనిపిస్తుంది. 1975లో పుణెలో మొదలైన ఆయన సంస్థకి వెళ్ళిన వాళ్ళని అడగండి, హాలు నిండా ఈ సామానే.

పాతకాపు
అయ్యంగార్ గారి పేరెత్తారు కాబట్టి చెప్తున్నాను. కాలి వేళ్ళు ఎటు తిరిగాయో కూడా పట్టించుకునే పద్ధతి అది. ఆ కచ్చితత్వం వదిలేసి కుర్చీ ఒక్కటే తెచ్చుకుంటే ఎలా?

ఆసనాలమ్మ
వదిలేయమని ఎవరన్నారండీ? దిమ్మ మీద చెయ్యి ఆనించి త్రికోణాసనం చేసినవాడి నడుము నిటారుగా ఉంటుంది. నేల అందుకోవాలని పట్టుబట్టినవాడి నడుము మెలి తిరుగుతుంది. ఇందులో కచ్చితంగా చేసింది ఎవరు?

తర్కం
"అసలు రూపం" అన్న మాట వినగానే నాకు దురద మొదలవుతుంది. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో వివరంగా చెప్పిన ఆసనాలు 15. ఎక్కువ భాగం కూర్చుని చేసేవే. మనం ప్రాచీనం అనుకుని రోజూ నిలబడి చేసే వీరభద్రాసనం అందులో లేనే లేదు. కాబట్టి "తరతరాల రూపం" అనే ముందు ఏ తరమో చెప్పండి.

అదే గ్రంథం మొదటి అధ్యాయంలో కుర్రవాడైనా, ముసలివాడైనా, పండు ముసలైనా, రోగి అయినా, దుర్బలుడైనా బద్ధకం లేకుండా అభ్యాసం చేస్తే సిద్ధి పొందుతాడని ఉంది. బరువు తగ్గి రమ్మని మాత్రం లేదు, చాపచుట్ట గారూ.

సూదిమొన
తర్కం గారు నచ్చిన శ్లోకం ఒకటి ఏరుకున్నారు. అదే అధ్యాయంలో ఈ విద్యని రహస్యంగా దాచుకోవాలనీ, ఏకాంతంగా చిన్న మఠంలో ఉండి సాధన చేయాలనీ కూడా ఉంది. ఆ లెక్కన ఈ వేదికలో ఉన్నవాళ్ళం మూకుమ్మడిగా అనర్హులం.

తర్కం
ఒప్పుకుంటాను, రెండూ ఉన్నాయి. గుమ్మం ఎప్పుడూ సగం తెరిచే ఉంచారు. 1930ల చివర ఇంద్రా దేవి మైసూరులో యోగా గురువు కృష్ణమాచార్య దగ్గరికి వెళ్తే విదేశీయురాలు, ఆడమనిషి అని ముందు కాదన్నారు. మహారాజు కలగజేసుకున్నాక నేర్పారు. ఆవిడే 1940ల చివర హాలీవుడ్‌లో యోగా స్టూడియో తెరిచి లోకానికి నేర్పింది. తలుపు కొంచెం తోస్తే తెరుచుకుంది. తోయడానికి రాజు కావాల్సొచ్చింది, అదీ సంగతి.

నిలువుటద్దం
సందేహాలపుట్ట గారూ, మీకు తెలిసిన మహారాజులు ఎవరైనా ఉన్నారా?

నాలుగుచక్రాలు
మీరంతా ఆసనం దగ్గర కొట్టుకుంటున్నారు. నేను ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాను. వెన్నుపాము దెబ్బతిని వీల్‌చైర్‌లో ఉంటాను. "అందరికీ స్వాగతం" అని బోర్డు పెట్టిన చోట లిఫ్టు ఉండదు. లిఫ్టు ఉంటే బాత్రూం తలుపు ఇరుకు. అన్నీ దాటి లోపలికి వెళ్తే చెప్పులు గుమ్మం బయట వదలమంటారు, నా చక్రాలని ఏం చేయాలో వాళ్ళకే తెలీదు.

దొరక్క దొరక్క ఒక మంచి టీచర్ దొరికారు. ఆయన నన్ను మొదట అడిగింది "ఏం చేయలేరు?" అని కాదు. "ఎక్కడిదాకా స్పర్శ తెలుస్తుంది?" అని అడిగారు. ఎందుకో చెప్తాను. స్పర్శ లేని చోట దిమ్మో, బెల్టు బకిలో నొక్కుకుంటున్నా మాకు తెలీదు, పుండు పడుతుంది, మానడానికి నెలలు పట్టొచ్చు. అందుకని క్లాసు అయ్యాక చర్మం చూసుకోమంటారు. వీల్‌చైర్ బ్రేకు వేసి గానీ ఏదీ మొదలుపెట్టనివ్వరు. ముందుకి వంగి పైకి లేచేటప్పుడు మెల్లగా లేవమంటారు, మాకు బీపీ గబుక్కున పడిపోతుంది. ఇవి యోగా పుస్తకాల కంటే ఫిజియోథెరపిస్టు దగ్గర ఎక్కువ దొరుకుతాయి. ఆయన వెళ్ళి అడిగి నేర్చుకున్నారు.

కాళ్ళు కదలవు. కానీ నిటారుగా నిలబడే తాడాసనం చెప్పినప్పుడు నేనూ చేస్తాను. వెన్ను పైకి లాగడం, భుజాలు దించడం, తల నిలపడం నా చేతిలో ఉన్న పనులే కదా.

చాపచుట్ట
అన్నా, ఆ "ఎక్కడిదాకా స్పర్శ తెలుస్తుంది" అన్న ప్రశ్న టీచర్లందరికీ చూపించాలి.

తెల్లకర్ర
నాకు చూపు లేదు. యోగా క్లాసులో నాకు ఎక్కువగా వినిపించే మాట "ఇదిగో, ఇలా". ఎలా? "కుడి పాదం ఎడమ తొడ లోపలివైపు పెట్టి, మోకాలు పక్కకి తిప్పండి" అంటే నాకు అర్థమవుతుంది. అలా చెప్పడం మొదలుపెట్టాక చూపున్నవాళ్ళకీ మేలైందట, మెడ తిప్పి టీచర్ని చూడాల్సిన పని తప్పింది.

ఇంకోటి. నేను చూడలేను కాబట్టి చేతులు పట్టి తిప్పేయొచ్చు అనుకుంటారు. వెనకనుంచి వచ్చి నడుము పట్టుకుంటే గుండె ఆగినంత పనవుతుంది. ముందు పేరు పెట్టి పిలవాలి, తాకొచ్చా అని అడగాలి, ఆ తర్వాత తాకాలి.

వృక్షాసనంలో గోడ పక్కన చోటివ్వండి. ఒంటికాలి మీద నిలబడటానికి కళ్ళు ఎంత సాయం చేస్తాయో తెలియాలంటే కళ్ళు మూసుకుని ఒకసారి ప్రయత్నించండి. పడిపోతే నన్ను అనకండి.

పెదవులపుస్తకం
నాకు చెవుడు. టీచర్ మొహం చూసి పెదవులు చదువుతాను. ఆయన తల కిందులుగా ఉండి వివరిస్తుంటే పెదవులు కూడా తలకిందులే!

శవాసనంలో లైట్లు ఆర్పి కళ్ళు మూసుకోమంటారు. అయిపోయిందని అందరికీ గొంతుతో చెప్తారు. నేను ఒకసారి కళ్ళు తెరిచేసరికి చీపురు పట్టుకుని ఒకాయన నా చుట్టూ ఊడుస్తున్నాడు. ఇప్పుడు లైటు రెండుసార్లు వెలిగించి ఆర్పమని చెప్పాను. ఖర్చు లేని పని.

నిలువుటద్దం
శవాసనం అంత నిష్ఠగా చేసినవాళ్ళు మీరొక్కరే అయ్యుంటారు.

అనామిక_ఎం
తాకడం గురించి తెల్లకర్ర గారు చెప్పింది చూపున్నవాళ్ళకీ వర్తిస్తుంది. నాకు ఒక పాత అనుభవం ఉంది, వివరాలు వద్దు. కళ్ళు మూసుకుని పడుకోమంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది. "రిలాక్స్ అవ్వండి" అని గట్టిగా చెప్పే కొద్దీ టెన్షన్ పెరుగుతుంది. ఇప్పుడు వెళ్తున్న చోట ప్రతి చాప పక్కనా ఒక చిన్న కార్డు ఉంటుంది. ఒక వైపు తిప్పి పెడితే తాకొచ్చని, రెండో వైపు పెడితే వద్దని. ఎవరూ కారణం అడగరు. కళ్ళు తెరిచి, గోడకి ఆనుకుని కూర్చుని శవాసనం చేస్తాను. అదేమి శవాసనం అని ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా.

పాతకాపు
అమ్మా, కార్డు సంగతి బాగుంది. మా కాలంలో గురువుగారు వీపు మీద కాలు పెట్టి తొక్కేవారు. అది ప్రేమే అనుకునేవాళ్ళం.

గోడకుర్చీ
ఇప్పుడు నడుము ఎలా ఉంది సార్?

పాతకాపు
అది వేరే విషయం.

మధ్యాహ్నంనీడ
ఎవరూ ఎత్తని విషయం నేనెత్తుతాను. మా ఇంట్లో నమ్మకం వేరు. ఆసనాలంటే ఇష్టం, ప్రాణాయామం వల్ల నిద్ర బాగా పడుతోంది. కానీ మొదట్లో, చివర్లో శ్లోకాలు అందరూ గట్టిగా చెప్పాలి అంటారు. చెప్పకపోతే పక్కవాళ్ళు ఓరచూపు చూస్తారు. చెప్తే ఇంట్లో వాళ్ళకి సమాధానం చెప్పుకోవాలి. అందుకని శ్లోకం అయ్యేదాకా బయట చెప్పుల దగ్గర నిలబడి లోపలికి వెళ్తున్నాను.

సూదిమొన
యోగా పుట్టిందే ఈ నేల మీద, ఈ సంప్రదాయంలో. శ్లోకం తీసేస్తే మిగిలేది వ్యాయామం. ఎవరి కోసమో మూలాన్ని ఎందుకు దాచుకోవాలి?

మధ్యాహ్నంనీడ
తీసేయమని నేను అనలేదు. మీరు చెప్పుకోండి, నేను వింటాను. నన్ను నోరు కదిపి తీరాలి అనకండి, అంతే అడుగుతున్నది.

తర్కం
2015 జూన్ 21న మొదటి అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిగినప్పుడు ఇదే గొడవ నడిచింది. ఆయుష్ శాఖ తయారుచేసిన ఉమ్మడి కార్యక్రమంలో సూర్య నమస్కారాలు పెట్టలేదు. భుజాలు, మెడ, మోకాళ్ళు కదిలించే తేలిక కసరత్తులతో మొదలై ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం వరకూ వెళ్తుంది. 2014 డిసెంబరులో ఈ దినోత్సవం కోసం పెట్టిన ఐక్యరాజ్య సమితి తీర్మానాన్ని 170కి పైగా దేశాలు కలిసి ప్రతిపాదించాయి. అన్ని దేశాలు ఒకే నమ్మకంతో ఉన్నాయా?

సూదిమొన
ఆ కార్యక్రమం మొదట్లో ప్రార్థన ఉంది, అది కూడా చెప్పండి మరి.

వేదిక_నిర్వాహకుడు
మతం మీద ఇక్కడితో ఆపుదాం. క్లాసు ఎలా ఉండాలన్న దాని మీద మాట్లాడండి. చెప్పుల దగ్గర ఎవరూ నిలబడాల్సిన పని లేదన్నంత వరకూ అందరికీ ఒప్పుదలే అనుకుంటున్నాను.

పొద్దున్నేబ్యాచ్
నేనూ నేర్పేవాడినే. ఇది చదువుతుంటే చెమటలు పడుతున్నాయి. హాల్లో ముప్ఫై మంది. ఒకరికి మెడ, ఒకరికి బీపీ, ఒకావిడ గర్భిణి, ఒక కుర్రాడు శీర్షాసనం ఎప్పుడు అని వేధిస్తుంటాడు. అందరికీ అన్నీ చెప్తూ పోతే ఒక్క ఆసనానికే క్లాసు అయిపోతుంది. మాకూ మనసుంది, చేతులే రెండు. అందుకే నా మాట ఒకటే, ఇలాంటి వాళ్ళకి వేరే బ్యాచ్ పెట్టాలి. వాళ్ళకీ హాయి, మాకూ హాయి.

నాలుగుచక్రాలు
"ఇలాంటి వాళ్ళకి" అన్నారు, చూశారా? వేరే బ్యాచ్ అంటే ఎప్పుడు పెడతారో కూడా నాకు తెలుసు. మధ్యాహ్నం, ఎవరూ రాని వేళ, కొత్తగా నేర్చుకుంటున్న టీచర్‌తో. కొన్నాళ్ళకి జనం లేరని ఎత్తేస్తారు. మా తమ్ముడితో, స్నేహితులతో కలిసి వెళ్ళే వీలు నాకుండాలి.

సందేహాలపుట్ట
నాకు మాత్రం వేరే బ్యాచ్ అంటే ఆశగానే ఉందండీ. నా ఒంటి లాంటి ఒళ్ళున్న నలుగురి మధ్య అయితే సిగ్గు లేకుండా చేస్తాను. అద్దాల గోడ ముందు ఇరవై ఏళ్ళ పిల్లల పక్కన నిలబడటం ఎంత కష్టమో చెప్పలేను.

నాలుగుచక్రాలు
అక్కా, మీ మాట కాదనను. కావాలనుకుని వెళ్తే అది వేరు, పంపించేస్తే అది వేరు.

ఆసనాలమ్మ
పొద్దున్నేబ్యాచ్ గారూ, నేనూ ముప్ఫై మందితో అవస్థ పడ్డాను. ముందు కష్టమైన ఆసనం చూపించి, ఆ తర్వాత "చేయలేని వాళ్ళు ఇలా చేయండి" అనేదాన్ని. ఆ "చేయలేని వాళ్ళు" అన్న పిలుపు వినగానే ఎవరూ దాని జోలికి వెళ్ళరు. మోకాలు పట్టేసినా సరే కష్టమైనదే వేస్తారు. ఇప్పుడు వరస తిప్పేశాను. మొదట అందరూ కుర్చీ మీదో గోడ దగ్గరో చేస్తారు, శీర్షాసనం కుర్రాడితో సహా. ఊపిరి నిలకడగా ఉంటే, నొప్పి లేకపోతే, ఇష్టముంటే ముందుకి వెళ్ళొచ్చు. వద్దనుకుంటే అక్కడే ఉండొచ్చు, అది కూడా పూర్తి ఆసనమే. దీనివల్ల ముప్ఫై మందికి ముప్ఫై రకాలు చెప్పే పని తప్పుతుంది, ఒకే ఆసనం రెండు మూడు మెట్లలో చెప్తే చాలు.

బిహార్ యోగా స్కూల్ వాళ్ళ పవనముక్తాసన వరస చూడండి. కాలివేళ్ళు, చీలమండలు, మణికట్టు, భుజాలు, మెడ ఒక్కొక్కటీ కదిలించుకుంటూ పోవడమే. చాలావరకు కుర్చీలోనూ కుదురుతుంది. కుర్రాళ్ళు మొదట నవ్వారు. రోజంతా ఫోన్ పట్టుకునే మణికట్లు కదా, తర్వాత వాళ్ళే అడిగి చేయించుకుంటున్నారు.

పొద్దున్నేబ్యాచ్
కుర్రాళ్ళు బోర్ కొట్టి మానేయరా మేడమ్?

ఆసనాలమ్మ
కొందరు మానేశారు. దాచడం దేనికి.

బిగుసుకున్నకీలు
నేను సన్నగా ఉంటాను, వయసు తక్కువ, మగవాణ్ణి. అయినా కిందికి వంగితే చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాయి. నన్ను చూసి "ఇంత చిన్న వయసులో ఇదేంటి" అని నవ్వుతారు. పద్మాసనం ఏళ్ళ తరబడి ప్రయత్నించినా రాలేదు.

ఎముకలగూడు
ఫిజియోథెరపిస్టుని. తుంటి కీలు గిన్నె లోతు, తొడ ఎముక మెడ తిరిగిన కోణం మనిషికీ మనిషికీ తేడా ఉంటాయి. కండరం సాగుతుంది, ఎముకకి ఎముక అడ్డొస్తే సాగేదేమీ ఉండదు. తుంటి తిరగనప్పుడు బలవంతంగా పద్మాసనం వేస్తే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. మోకాలు మెలి తిరగడానికి పుట్టిన కీలు కాదు. గజ్జల్లో గట్టిగా అడ్డు తగిలినట్టుంటే అక్కడితో వదిలేయండి. పద్మాసనం రాకపోవడం లోపమేమీ కాదు.

ఇంకో మాట, "చేయగలిగినంత చేయండి" అన్న సలహా కొందరికి ప్రమాదం. గ్లాకోమా ఉన్నవాళ్ళకి తల కిందికి ఉండే ఆసనాల్లో కంటిలో ఒత్తిడి పెరుగుతుంది, వాళ్ళు "చేయగలరు" కూడా, ఏ నొప్పీ తెలియదు. ఎముకలు గుల్లబారిన వాళ్ళు వీపు గుండ్రంగా చేసి లోతుగా వంగితే వెన్నుపూస నలగొచ్చు. బీపీ అదుపులో లేనివాళ్ళు, గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్ళు ఊపిరి బలంగా బయటికి నెట్టే కపాలభాతి జోలికి వెళ్ళకూడదు. చేరేటప్పుడు ఒక కాగితం మీద ఇవన్నీ రాయించుకోవాలి, రాయించుకున్నాక చదవాలి కూడా.

చాపచుట్ట
మా చోట రాయించుకున్నారు. ఫైల్లో పెట్టారు. ఫైలు ఆరోగ్యంగానే ఉంది.

సందేహాలపుట్ట
చాలా తెలిసిందండీ. సోమవారం టీచర్‌తో విడిగా మాట్లాడదామనుకుంటున్నాను. ఏమని అడగమంటారు?

ఆసనాలమ్మ
"నాకోసం మార్చండి" అనకండి, ఆయన భయపడిపోతారు. "వజ్రాసనం వచ్చినప్పుడు నేను కుర్చీలో ఏం చేయాలి?" అని ఒక్కొక్క ఆసనం పేరు పెట్టి అడగండి. తెలియకపోతే తెలుసుకుని చెప్తానంటే అక్కడే ఉండండి. "మీకు అవసరం లేదులెండి" అంటే గోడకుర్చీ గారి సలహా పాటించండి. మీ కుర్చీ మీరే పట్టుకెళ్ళినా పర్వాలేదు. చేతులు లేనిది, మడత కుర్చీ కాకుండా గట్టిది అయితే మేలు. కాళ్ళకి రబ్బరు తొడుగులు ఉండాలి, లేకపోతే వెనక గోడకి ఆనించండి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, అందకపోతే కింద దిమ్మో లావుపాటి పుస్తకమో పెట్టుకోండి.

గోడకుర్చీ
ఆఫీసు కుర్చీ పనికొస్తుందా?

ఆసనాలమ్మ
చక్రాలున్నది వద్దు బాబూ.

నాలుగుచక్రాలు
నాకు అభ్యంతరం ఉంది.

నిలువుటద్దం
😂😂

పాతకాపు
ఆసనాలమ్మ గారూ, ఒకటి అడగాలి. నడుములో ఎల్4 ఎల్5 పూసల దగ్గర డిస్కు జరిగింది, ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది. గోడ దగ్గర చేసే ఆ శ్వానాసనం నాకు పనికొస్తుందా?

ఎముకలగూడు
తిమ్మిరి ఉంటే ముందు డాక్టర్‌కి చూపించండి సార్. అప్పటిదాకా ముందుకు వంగేవి ఏవీ వద్దు, గోడ దగ్గరైనా సరే. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, ఆసనాలమ్మ గారూ నేనూ కలిసి చూస్తాం.